వాడితే పెరిగే ఇత్తడి

గులాం అలీ ముప్పై నాలుగేళ్లు లేతు మీద పనిచేశాడు. ఆ ముప్పై నాలుగేళ్లలో ఒక్క పనిముట్టును కూడా తనంతట తాను ఎంచుకోలేదు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆయనకు పనిముట్లు ఇచ్చినవాణ్ణి నేనే. గోదావరిఖనిలో మా వర్క్‌షాపు స్టోరు కిటికీ వెనుక కూర్చునే గుమాస్తాను, పేరు జగదీశ్వర్. మా దగ్గర పద్ధతి ఒక్కటే. అరిగిపోయింది తెచ్చి బల్ల మీద పెట్టాలి, కొత్తది తీసుకుపోవాలి. పాతది చూపించకుండా కొత్తది అడిగినవాడి వైపు నేను తలెత్తి కూడా చూడను. ఏ రకం కావాలని అడిగే అలవాటు కిటికీకి ఇటు లేదు, నాకు ఫలానాది కావాలని చెప్పే ధైర్యం అటు లేదు. ఉన్నదేదో ఇస్తాను. తీసుకున్నవాడు నన్ను లోలోపల తిట్టుకుంటూ పోతాడు.

అలాంటిది 2008లో, వానలు మొదలైన రోజుల్లో, అలీ భాయ్ నాలుగు జిరాక్సు కాగితాలు పట్టుకుని వచ్చి, ఈ మూడింటిలో ఏది మంచిదో చెప్పమన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పటికే నాలుగు రోజులుగా ఆ కాగితాలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడట. మడతల దగ్గర చిరిగిపోతున్నాయి.

ఆ కాగితాల కథ ఇదీ. జ్యోతినగర్ అవతల ఒక పాత రాళ్ల క్వారీలో చిన్న రైఫిల్ క్లబ్బు ఉండేది. రిటైరైన ఇంజినీర్లు, పటాలంలో పనిచేసి వచ్చినవాళ్లు పది పన్నెండు మంది ఆదివారం పూట అక్కడ చేరి గురి చూసి కాల్చేవారు. దాని కార్యదర్శి జైపాల్ సార్ కూడా మాజీ సైనికుడే. పెద్ద రైఫిలుకు కొత్త తూటాలు ఏడాదికి కొన్నే దొరుకుతాయి. అందుకని పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, మళ్లీ మందూ గుండూ నింపి వాడుకోవడానికి క్లబ్బు లిఖితంగా అనుమతి తెచ్చుకుంది. నింపే ముందు ఆ గొట్టం మూతిని సరైన పొడవుకు కోయాలి. కోసే పనిముట్టు బయటి దేశం నుంచి రావాలి. దానికి వేరే అనుమతి, అదీ ఒక్కసారికే. కాబట్టి ఏది తెప్పించాలో కొలతలు తెలిసిన మనిషి చెప్పాలన్నారు. మా ఊళ్లో కొలతలు తెలిసిన మనిషి ఎవరని ఏ బొగ్గు బాయిలో అడిగినా గులాం అలీ పేరే చెబుతారు.

పొడవు తప్పితే ఏమవుతుందని అలీ భాయ్ అడిగాడట. గొట్టం పొడుగైతే దాని మూతి రైఫిలు లోపల ఇరుక్కుంటుందని, మందు ఒత్తిడి బయటికి పోయే దారి లేక వెనక్కి తన్నవచ్చని, రైఫిలుకు చెంప ఆనించి ఉన్నవాళ్ల కన్నో బుగ్గో పోవచ్చని జైపాల్ సార్ చెప్పాడు. ఆ చెంప ఎవరిదో అలీ భాయ్‌కి తెలుసు. సంధ్యారాణిది.

సంధ్యారాణి కొమురెల్లి బిడ్డ. కొమురెల్లి బొగ్గు టబ్బులు నెట్టే పని చేసేవాడు, అలీ భాయ్ క్వార్టరుకు వెనక వరసలోనే వాళ్ల ఇల్లు. ఆ పిల్ల కాలేజీలో ఎన్‌సీసీలో తుపాకీ పట్టింది, పట్టిన రోజు నుంచీ వదల్లేదు. ఆ క్లబ్బులో అంతమంది పెద్దమనుషులు కాల్చేది కాలక్షేపానికి. రాష్ట్ర జట్టు ఎంపికకు హైదరాబాద్ పోవాలని కాల్చేది ఆమె ఒక్కతే. మళ్లీ నింపిన తూటాలు ఎక్కువగా కాల్చబోయేదీ ఆమే. అంటే అలీ భాయ్ ఎంచే పనిముట్టు సరిగ్గా కోసిందా లేదా అన్నది తేలేది ఆమె ముఖం మీద. ఆ మాట విన్నాక ఆయనకు అన్నం సహించలేదని ఆయన భార్య అమీరున్నీసా భాభీ నాతో చెప్పింది. కంచం ముందు కూర్చుని చెంచా పొడవును వేలితో కొలుస్తున్నాడట.

కాగితాలు బయటి దేశపు కేటలాగులోవి, వాటిలో మూడు బొమ్మలున్నాయి. మొదటిది బుల్లి లేతు. ఒకవైపు గొట్టాన్ని బిగించి పిడి తిప్పితే మూతి కోసుకుంటూ పోతుంది. ఎక్కడ ఆగాలో మర తిప్పి మనమే పెట్టుకోవాలి, వెంట్రుకంత అటూ ఇటూ జరుపుకోవచ్చు. రెండోది జేబులో పట్టేంత చిన్నది. మధ్యలో ఉక్కు సూది, దాని చుట్టూ కోసే పళ్లు. సూది గొట్టం లోపలినుంచి దిగి అడుగున గొట్టాన్ని పట్టి ఉంచే బిళ్లకు తగలగానే కోత ఆగిపోతుంది. సూది పొడవు తయారు చేసినవాళ్లే ఖాయం చేసి పంపుతారు, మార్చడానికి మర లేదు. మూడోది ఉక్కు అచ్చు. గొట్టాన్ని అందులో దింపి, పైకి పొడుచుకు వచ్చిన మూతిని ఆకురాయితో రుద్దేయడమే.

చూడగానే అలీ భాయ్ మనసు లేతు మీదికి పోయింది. రెండోదాన్ని చూసి మొహం చిట్లించాడు. కొలత మార్చడానికి వీల్లేని పనిముట్టును పనివాడెవడైనా ముట్టుకుంటాడా అన్నాడు. మూడోదాంతో ఎవడు రుద్దితే వాడి చేతివాటమే అన్నాడు. మరైతే లేతే తెప్పించమని చెప్పేసెయ్ అన్నాను. అంత తొందరగా తేల్చేస్తే ఆయన అలీ భాయ్ ఎందుకవుతాడు. మర్నాడు వచ్చి, లేతు మర వదులైతే ఎట్లా అన్నాడు. ఆ పైరోజు అచ్చే నయమేమో అన్నాడు. ముప్పై నాలుగేళ్లు ఎవడో ఇచ్చింది వాడిన మనిషికి మూడు బొమ్మలు చూపి ఒకటి ఏరుకోమంటే ఇలాగే ఉంటుంది. నాకు విసుగు పుట్టింది. టీ కొట్టు దగ్గర ఆయన కనబడితే పక్క సందులోంచి పోయేవాణ్ణి.

అయినా ఆయన తిప్పలకు అసలు మూలం బొమ్మలు కాదు. దాన్ని పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒకసారి కిటికీ దగ్గర నిలబడి ఆయనే చెప్పాడు.

"తమ్మీ, నాకొక్కటి సమజైతలేదు. వాడిన వస్తువు అరిగే ఉంటది గద. అరిగినదాన్ని మళ్ల కోసుడేంది?"

నాకూ తెలియలేదు. తెలియనప్పుడు ఊరుకోవడం నాకు చేతకాదు కాబట్టి, పేలినప్పుడు మూతి గరుకుగా అవుతుంది కావచ్చు, సాఫు చేయడానికి కోస్తారేమో అన్నాను. జైపాల్ సార్‌ని అడిగితే ఆయనా అట్లాంటి జవాబే ఇచ్చాడట. ఆయన పటాలంలో వేల తూటాలు కాల్చాడు గానీ ఒక్కటీ నింపలేదు. ఇదివరకు క్లబ్బులో ఆ పని చేసిన ఇంజినీరు ఊరు విడిచి పోయాడు. అలా తెలియనివాళ్లం ఇద్దరం ఒకే మాట మీదికి వచ్చాం. ఇద్దరు అన్నారు కాబట్టి అది నిజమని అలీ భాయ్ అనుకున్నాడు.

ఇక్కడ ఆయన పనితనం గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. బాయిలోంచి పైకి వచ్చే సామాను ఏదీ కొత్తలో ఉన్నట్టు ఉండదు. పంపు ఇరుసు, కప్పీ, టబ్బు చక్రం, ఏదైనా సరే నీళ్లకూ రాతిపొడికీ సగం అరిగిపోయి వస్తుంది. దాని నక్షా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. "ఇది చూసి ఇట్లాంటిది చెయ్" అని అరిగిన ముక్కను లేతు మీద పడేసిపోతారు. ఉన్నది ఉన్నట్టు కొలిచి చేస్తే కొత్తది కూడా అరిగినంతే వస్తుంది. అందుకే అరిగినంత కొలతను మళ్లీ కలిపి చేయాలి. ఎంత కలపాలో ఏ పుస్తకంలోనూ లేదు. అలీ భాయ్ ముక్కను బొటనవేలితో తడిమి, ఇది ఎన్నాళ్లు తిరిగింది, నీళ్లలో ఉందా పొడిలో ఉందా చెప్పేసేవాడు. తర్వాత ఇంత కలపాలనేవాడు. ఆయన కలిపి చేసిన ముక్క కిందికి పోయి కూర్చున్నదంటే మళ్లీ పైకి వచ్చిన దాఖలా లేదు. పెద్ద ఇంజినీర్లు కూడా కొలత దగ్గర వాదన వస్తే ఆయన వైపు చూసేవారు. ఆయనకు ఆ చూపు ఇష్టం. నోటితో చెప్పేవాడు కాదు గానీ, అందరూ తన వైపు తిరిగే వరకు కొలిచే వెర్నియర్ జేబులోంచి తీసేవాడు కాదు.

బొమ్మలు చూసి ఎంచలేనని తేలాక ఆయన ఒక పని చేశాడు. మార్కెట్లో తెలిసినవాడి లేతు కొట్టులో కూర్చుని, బుల్లి లేతుకు నకలు తానే చేసుకున్నాడు. నలభై గొట్టాలు కోసి చూద్దాం, బాగుంటే అదే తెప్పిద్దాం అన్నాడు. జైపాల్ సార్ సరేనన్నాడు. ఇక కొలత పెట్టాలి. సరైన పొడవు ఎంతో కేటలాగు చివరి పేజీలో పట్టిక వేసి ఉందట. జిరాక్సు తీసినవాళ్లు ఆ పేజీ వదిలేశారు. అది ఉన్నదని అలీ భాయ్‌కి తెలియదు. అది చూసే ఆయన కొలత పెట్టాడని జైపాల్ సార్ అనుకున్నాడు.

అలీ భాయ్ తన పద్ధతిలోనే పోయాడు. నలభై గొట్టాలనూ కొలిచాడు. అన్నీ ఆ ఇంజినీరు నింపగా నాలుగైదు సార్లు పేలినవి, ఒక్కోటి ఒక్కో పొడవు. వాటిలో బాగా పొడుగ్గా ఉన్నదాన్ని పక్కకు తీశాడు. అదే తక్కువ అరిగింది, అదే అసలుకు దగ్గర అని లెక్క వేసుకున్నాడు. దాని మీద అరుగుదల కింద కాగితం మందం కలిపాడు. అక్కడ మర బిగించాడు. నలభై గొట్టాలూ బిగించి తిప్పితే చిటికెడు పొట్టు కూడా రాలలేదు. కోసే పన్ను ఏ మూతికీ అందనే లేదు. గొట్టాలన్నీ మంచిగున్నాయని సంతోషపడ్డాడు. ప్రతి గొట్టం మీద సన్నగా నంబరు గీకి, దాని పొడవును చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాసుకోవడమే తర్వాత ఆయన్ని నిద్రపోనీయలేదు.

జైపాల్ సార్ ముప్పై అయిదు తూటాలు నింపి, పరీక్షకని అయిదు తానే కాల్చాడు. తూటా పెట్టి మూసే బోల్టు కాస్త బిగువుగా ఉందన్నాడు. పాత రైఫిలు కదా అని తానే సర్దుకున్నాడు. మిగిలిన ముప్పై ఆదివారం సంధ్యారాణి కాల్చాలి. శనివారం సాయంత్రం ఆ పిల్ల మా వీధిలో కనబడి, సార్‌కే బిగువుగా ఉందంటే తన చేతికి ఎట్లా అని అడిగింది. నేను పెద్ద తెలిసినవాడిలా, అలీ భాయ్ కొలత ఇప్పటిదాకా తప్పలేదు, బిగువుగా ఉంటే నీ చేతిలో బలం చాలదని అర్థం అన్నాను. ఆ మాట నేను అన్నాను. ఇప్పటికీ తలచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

నేను ఆ గొప్పలు పోయేనాటికి అలీ భాయ్ మూడు రోజులుగా పిచ్చివాడిలా తిరుగుతున్నాడు. పేలిన అయిదు గొట్టాలను ఆయన గురువారమే అడిగి తెప్పించుకున్నాడు. వాడిన ముక్కను చూడనిదే ఆయనకు తోచదు. కొలిచాడు, పుస్తకంలో రాసుకున్నదానితో పోల్చాడు. అయిదింటికి అయిదూ పెరిగి ఉన్నాయి.

మళ్లీ కొలిచాడు. పెరిగే ఉన్నాయి. రాసుకోవడంలో తప్పు జరిగిందనుకున్నాడు. ఒకటి తప్పవచ్చు గానీ అయిదూ ఒకేలా ఎట్లా తప్పుతాయి? గొట్టాలు వేడిగా ఉన్నాయేమోనని రాత్రంతా నీళ్ల కుండ పక్కన పెట్టి పొద్దున కొలిచాడు. అంతే ఉన్నాయి. శుక్రవారం నమాజు కాగానే కళ్లు పోయాయేమోనని దవాఖానకు పోయాడు. అక్కడ అక్షరాలన్నీ చదివించి, ఈ వయసుకు ఇంత చూపు చాలా మందికి ఉండదన్నారు. మామూలుగా అయితే ఆ మాటకు ఎవరైనా సంతోషిస్తారు. ఈయన ఇంకా దిగులుగా ఇంటికి వచ్చాడు. కళ్లు చెడిపోయాయంటే గండం గట్టెక్కేదని భాభీతో అన్నాడట.

శనివారం పొద్దున నా కిటికీ దగ్గరికి వచ్చాడు. తన వెర్నియర్ అబద్ధం చెబుతోందని, కొత్తది కావాలని అడిగాడు. పాతది బల్ల మీద పెట్టమన్నాను. ఇవ్వనన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలన్నాడు. ఆయన కళ్ల కింద నల్లగా ఉంది, గడ్డం గీసుకోలేదు. నా ఉద్యోగంలో పాత వస్తువు తీసుకోకుండా కొత్తది ఇచ్చింది ఆ ఒక్కసారే. బల్ల మీదే పొట్లం విప్పి, ఒక గొట్టాన్ని పెట్టి కొలిచాడు. నన్నూ కొలవమన్నాడు. రెండు వెర్నియర్లూ ఒకే మాట చెప్పాయి.

"తమ్మీ, ఇది వాడితే పెరుగుతాంది. వాడితే పెరిగే వస్తువు దునియాల ఎక్కడన్న ఉంటదా?"

ఉండదన్నాను. కోసేటప్పుడు ఏదో పొరపాటు అయి ఉంటుంది, ఇంటికి పోయి పడుకో అన్నాను. ఆయన గాభరాగా ఉన్నది నాకు కనబడుతూనే ఉంది. కానీ అది పని పిచ్చి అనుకున్నాను. ఆదివారం ఆ పిల్ల కాల్చబోయే తూటాలకూ ఈ మాటకూ సంబంధం ఉందని నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆయనకూ తట్టలేదు. లెక్క తేలకపోతే ఆయనకు దాని అవతల ఇంకేమీ కనబడదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి టీ కొట్టు దగ్గర మేమిద్దరం కూర్చున్నాం. కమ్మరి షాపు ఎల్లన్న వచ్చాడు. వర్క్‌షాపులో లేతులకూ కొలిమికీ మధ్య ఒక గోడే అడ్డం గానీ, లేతు పనివాళ్లకు కమ్మరివాళ్లంటే కొంచెం చిన్నచూపు. కొట్టడానికి కండ చాలు, కొలత అక్కర్లేదని వాళ్ల ఉద్దేశం. అలీ భాయ్ ముప్పై నాలుగేళ్లలో ఎల్లన్నను పని గురించి ఒక్క మాట అడిగి ఉండడు. ఆ రోజు ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి అడిగాడు. గొట్టం ఆయన చేతిలో పెట్టి, ఇది పేలినాక పెరిగిందంటే నమ్ముతావా అన్నాడు.

ఎల్లన్న టీ ఊదుకుంటూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు కోసుడే సూసినవ్ భాయ్, కొట్టుడు సూడలే. దెబ్బ తిన్నది సాగుతది. పెద్ద దెబ్బ తింటే ఇంకింత సాగుతది. గందులేముంది?"

 అలీ భాయ్ పెదవులు లెక్క వేస్తున్నట్టు ఆడాయి. మందు పేలడమంటే దెబ్బ. పేలిన ప్రతిసారీ సాగుతుంది. అంటే పొడుగ్గా ఉన్నది తక్కువ అరిగింది కాదు, అందరికంటే ఎక్కువ సాగింది. తాను దానికి ఇంకా కలిపాడు. ఇదంతా ఆయన నాకు తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం గ్లాసు కింద పెట్టి, స్కూటర్ తియ్యమన్నాడు. ఎందుకని అడిగితే, ఆ పిల్ల ఎన్నింటికి కాలుస్తుందని తిరిగి నన్నే అడిగాడు. ఎనిమిదింటికే మొదలుపెడతారని చెప్పేటప్పటికి నాకూ అర్థమైంది.  రెండుసార్లు కిక్కు కొట్టినా స్కూటర్ అందుకోలేదు.

 దారి పొడుగునా నేను, ఏం కాలేదులే భాయ్, అయ్యుంటే ఈపాటికి తెలిసేది అని పదిసార్లు అని ఉంటాను. క్వారీ మలుపు దగ్గరికి రాగానే తుపాకీ చప్పుడు వినిపించింది. ఆయన వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. కాసేపటికి ఇంకోటి వినిపించింది. రెండు చప్పుళ్లు వినడం కంటే రెండో చప్పుడు కోసం ఎదురుచూడడమే ఎక్కువ భయంగా ఉంది.

కాల్చే చోటు నాపరాళ్లు పరిచిన చిన్న గట్టు. సంధ్యారాణి దాని మీద బోర్లా పడుకుని ఉంది, చెంప రైఫిలు కర్రకు ఆని ఉంది. జైపాల్ సార్ పక్కన దుర్భిణితో గురి బల్ల వైపు చూస్తున్నాడు. ఇద్దరి చెవుల్లోనూ బిరడాలున్నాయి, అరిచినా వినబడదు. సంధ్యారాణి బోల్టు హ్యాండిలును అరచేతి మడమతో రెండుసార్లు గుద్ది కిందికి దించింది. అలీ భాయ్ గట్టు పక్కన పాతి ఉన్న ఎర్ర జెండాను ఊడబెరికాడు. బాయిలో టబ్బులను ఆపడానికి దీపాన్ని అడ్డంగా ఊపుతారే, అలాగే ఊపుతూ వాళ్ల పక్కకు పోయాడు. కంటి అంచుకు ఎరుపు తగలగానే జైపాల్ సార్ ఆమె చెవి దగ్గరే ఈల ఊదాడు. సంధ్యారాణి వేలు వెనక్కి తీసింది.

బోల్టు తెరుచుకోలేదు. అలీ భాయ్ రైఫిలు మొనను మట్టికట్ట వైపే ఉంచమని చెప్పి, కర్రముక్కతో చిన్నగా తట్టి తట్టి తెరిచాడు. ఆ తూటా మూతి చుట్టూ నలిగిన గీత పడి ఉంది. అప్పటికి పదకొండు కాల్చింది. కాల్చిన గొట్టాలను జైపాల్ సార్ ఒక్కొక్కటే తీసి అడుగు భాగం చూశాడు. ఒత్తిడి మితిమీరి అవి అణిగిపోయి చదునుగా ఉన్నాయి. ఆయన గట్టు మీద కూర్చుండిపోయాడు. ఇంకొక్కటి పేలితే చాలు, రైఫిలే చీలేది అన్నాడు. సంధ్యారాణి కుడి చెంప మీద కర్ర తన్నిన చోట ఎర్రగా కమిలి ఉంది. అంతకు మించి ఏమీ కాలేదు. దేవుడి దయ అని నేను పైకే అన్నాను.

అక్కడ పదిమంది దాకా ఉన్నారు. అలీ భాయ్ అందరూ వినేటట్టు చెప్పాడు.

"నా కొలత తప్పు. అరిగిందనుకొని కలిపిన. తియ్యవలసిన దగ్గర కలిపిన."

 కాదు, తప్పు నాదని జైపాల్ సార్ మొదలుపెట్టబోయాడు, చివరి పేజీ సంగతి అప్పుడే బయటపడింది. అలీ భాయ్ అదేమీ వినడం లేదు. ఆయన సంధ్యారాణినే చూస్తున్నాడు. మొదటి తూటా నుంచే బిగువుగా ఉందా అని అడిగాడు. ఉందని తలూపింది. మరి ఎందుకు ఆగలేదని అడిగాడు.

"నీ కొలత గద కాకా. నా చెయ్యే చాలుతలేదనుకున్న. అందుకే గుద్ది మూసిన."

నేను అక్కడ నిలబడలేక స్కూటర్ దగ్గరికి పోయాను. నేను చెప్పిన మాటే అది. ఆ పిల్ల నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఎంపికకు ఉన్న కాసిని కొత్త తూటాలతోనే ఆమె హైదరాబాద్ పోయింది. సాధన చాలక జట్టులో చోటు రాలేదు, అదనపువాళ్ల జాబితాలో పేరు వచ్చింది. వచ్చే ఏడు చూస్తానంది. అలీ భాయ్ వారం రోజులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని క్లబ్బుకు పోయి, రెండోది తెప్పించమన్నాడు. జేబులో పట్టేది, మర లేనిది. జైపాల్ సార్ నమ్మలేకపోయాడు. దాంట్లో కొలత పెట్టుకునే వీలే లేదు కదా, మీ చేతికి అది ఆటవస్తువు కాదా అన్నాడు.

"గందుకే సార్. నేను జెప్పినా మారదు. గట్లాంటిదే గావాలె."

అనుమతి కాగితాలు తిరిగి తిరిగి, ఆ పనిముట్టు వచ్చేసరికి చలికాలం వచ్చింది. ఆ గండం తర్వాత అలీ భాయ్ ఇక క్లబ్బు మొహం చూడడనుకున్నాను. వచ్చాడు. ఈసారి వెర్నియర్ తేలేదు. సంధ్యారాణిని క్లబ్బు గదిలో బల్ల ముందు కూర్చోబెట్టి, గొట్టం ఎట్లా పట్టుకోవాలో, ఎటు తిప్పాలో మాత్రం చూపించాడు. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె మొదటి గొట్టం బిగించి తిప్పడం మొదలుపెట్టింది. సన్నని ఇత్తడి పొట్టు బల్ల మీద రాలింది. సూది అడుగుకు తగిలి కోత ఆగింది. ఆమె గొట్టాన్ని బయటికి తీసింది. సరిగ్గా ఉందా అని అడిగినట్టు తలెత్తి ఆయన వైపు చూసింది.

ఆయన ముఖం ఎలా అయిపోయిందో నేను చెప్పలేను. ముప్పై నాలుగేళ్లు అందరూ తన వైపు అలా చూడాలనే బతికిన మనిషి. వెనక్కి తిరిగి వరండాలోకి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. లోపల ఆమె రెండో గొట్టం తిప్పుతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన ఆ చప్పుడునే వింటున్నాడు, మెడ కొంచెం అటు వంగి ఉంది.

"సాఫుగ కోసిందా తమ్మీ?" అన్నాడు.

నేను సరిగ్గా చూడలేదు, లోపలికి పోయి ఆమెనే అడుగు అన్నాను.

"అడగ. అడిగితే మళ్ల నా దిక్కే సూస్తది."